జయరాజు ప్రార్థన

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి మా సంఘంలో ఇచ్చారు, ప్రార్థన మనవులు రాసుకోమని. నెల గడిచినా ఒక్క ముక్క రాయలేదు. మా మరిది డేవిడ్ పెళ్ళి పనులతో తల దువ్వుకునే తీరిక కూడా లేకపోయింది. ఇవాళ్టి నుంచి రాస్తాను.

రేచల్ ఇవాళ కొమరోలు నుంచి వచ్చేసింది, ఇక ఇక్కడే ఉండడానికి. పెళ్ళయి మూడు వారాలు, పుట్టింటి మర్యాదలన్నీ అయ్యాయి. తోటికోడలు కాపురానికి వస్తూ ఏం తెస్తుంది? బీరువా తెస్తుంది, బిందెలు తెస్తుంది. ఈ పిల్ల ఒక ప్లాస్టిక్ డబ్బా గుండెలకు ఆనించుకుని బస్సు దిగింది. అందులో తాబేలు. నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో పెంచుకుందట. పేరు లడ్డు.

మా ఇంట్లో ముందే ఒక తాబేలు ఉంది. మూడేళ్ళ కిందట మా ఆయన పాల్ రాజు, రంగు చేపలు అమ్మే దుకాణంలో కొని తెచ్చాడు. తాబేలు ఉంటే ఇంటికి కలిసొస్తుందని దుకాణం అతను చెప్పాడట. మనకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా కలిసొచ్చేదాన్ని వద్దనడం ఎందుకని ఉంచాను. జయరాజు అని పేరు పెట్టాను. ఇప్పుడు అరచేతి కంటే పెద్దవాడయ్యాడు. వరండాలో సిమెంటు తొట్టి, అందులో రెండు ఇటుకల మీద ఒక పలక, ఎండ కాచుకోవడానికి. ఆయన పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా ఇంట్లో పలకలకు కరువా?

"అక్కా, దీనికి వేరే టబ్బు ఒకటి ఉంటే..." అంది రేచల్, చెప్పులు విడుస్తూనే.

"ఏందమ్మా, ఒక ఇంట్లో రెండు తొట్లా? మనుషులమే కలిసి ఉంటే దానికేమొచ్చింది?" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

నా చేతులతో నేనే తొట్టిలో వదిలాను. తర్వాత చూసింది నేను బతికి ఉన్నంతకాలం మరిచిపోను. జయరాజు ఈదుకుంటూ వచ్చి చిన్నదానికి ఎదురుగా ఆగాడు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు బయటికి తిప్పి, దాని మొహం ముందు గోళ్ళన్నీ వణికించాడు. మా పాస్టరు గిద్యోను అయ్యగారు తల మీద చేతులుంచి ప్రార్థన చేసేటప్పుడు వణికినట్టే వణికాయి. నాకు ఒళ్ళు జలదరించింది. నోరులేని జీవి ప్రార్థన చేస్తోంది!

వీడియో తీసి స్త్రీల సమాజం గ్రూపులో పెట్టాను. అన్నాలు తినే లోపల నలభై ఒక్క ఆమెన్లు వచ్చాయి.

లడ్డు ఏమిటి, తినే వస్తువు పేరు. కృప అని మార్చాను.

ఫిబ్రవరి 5

రేచల్ ఇంకా లడ్డు అనే పిలుస్తోంది. అలవాటు అవుతుందిలే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పప్పులో ఉప్పు నోట పెట్టలేనంత ఎక్కువైంది. డేవిడ్ మాత్రం మారుమాట లేకుండా తిన్నాడు. నేను చేసిన పప్పులో రవ్వంత ఎక్కువైతే కంచం జరిపేవాడు.

మా అత్త పోయేటప్పటికి వాడికి ఏడేళ్ళు. నేను కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు. వాడికి తల దువ్వింది, అక్షరాలు దిద్దించింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుంది నేను. నాకు పిల్లలు కలగలేదు. వాడుండబట్టి ఆ లోటు పెద్దగా తెలియలేదు.

కొందరు తోటికోడళ్ళను నోటికొచ్చినట్టు అంటారు. నేను ఒక్క మాట అనను. ఏదున్నా ప్రభువుకే చెప్పుకుంటాను. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో రేచల్ తల మీద చెయ్యి ఉంచి, "ప్రభువా, ఉప్పు వేసేటప్పుడు ఈ బిడ్డకు జ్ఞానం దయచెయ్యి. పొద్దున ఆరున్నర దాకా లేవనివ్వని బద్ధకాన్ని ఈమెలో నుంచి తీసివెయ్యి. ఫోను చెవికి అంటించుకుని గంటలు గంటలు వాళ్ళమ్మతో మాట్లాడే బలహీనత నుంచి విడిపించు" అని వేడుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. రేచల్ కూడా అంది. కొంచెం మెల్లగా అంది.

ఫిబ్రవరి 11

ఇవాళ ప్రార్థన చాలా బాగా వచ్చింది. ఇరవై నిమిషాలు. రేచల్ కళ్ళు తుడుచుకుంది. లోపల పని జరుగుతోంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆరాధన అయ్యాక ఎలీషబా పిన్ని జయరాజును చూడాలని మా ఇంటికి వచ్చింది. పక్క వీధే. వాడు కూడా ఆమె వచ్చేదాకా ఆగినట్టు, వచ్చీ రాగానే చేతులెత్తాడు.

"సూడు మార్తా, పెద్దది ప్రార్థన చేస్తాంటే చిన్నది కండ్లు మూసుకుంది. మనుషులకే లేదమ్మా అంత భక్తి" అని పిన్ని చెంగుతో మొహం ఒత్తుకుంది.

తర్వాత పలక మీద కృప పడుకుంటే జయరాజు దాని వీపు మీదికి ఎక్కి పడుకున్నాడు. తోడబుట్టినవాళ్ళు కూడా ఈ కాలంలో ఇంత దగ్గరగా ఉండరు. ఫోటో తీశాను. రేచల్‌ను కూడా పిలిచి చూపించాను. చూసి లోపలికి వెళ్ళింది. పల్లెటూరి పిల్ల, ఇలాంటివి మనసుకు ఎక్కవు.

ఫిబ్రవరి 25

రేచల్ పనిచేసే ఆసుపత్రిలో డ్యూటీ మారింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది. తనే అడిగి మార్పించుకుందని డేవిడ్ నోరు జారాడు. సాయంత్రం ప్రార్థన తప్పిపోతోందని ఆ పిల్ల ఎంత బాధపడుతుందో. అందుకని ప్రార్థన పొద్దున అయిదింటికి మార్చాను. ఇందులో కష్టమేముంది? నేను నాలుగున్నరకే లేస్తాను.

మార్చి 3

కృప సరిగా తినడం లేదు. గింజలు వేస్తే జయరాజు రెండు వాటాలూ తినేస్తున్నాడు, అది మూలకు పోయి చూస్తోంది. చిన్నదానికి త్యాగబుద్ధి ఎక్కువ.

"శ్రమదినాలు ఎల్లుండి నుంచి గదా, అది ముందే ఉపవాసం మొదలు పెట్టినట్టుంది" అన్నాడు మా ఆయన. ఈయనకు అన్నీ పరాచికాలే.

రేచల్ కూడా ఆసుపత్రిలోనే తిన్నానంటోంది. రోజూ ఏం పెడతారో అక్కడ.

మార్చి 6

స్నానాల గదిలో బకెట్టు మీద చిల్లుల మూత పెట్టి ఉంది. తీసి చూస్తే కృప.

"ఇదేందమ్మా, ఇంత పెద్ద తొట్టి ఉంటే బకెట్లో వేసినావు?"

"తోక కొరుకుతా ఉందక్కా పెద్దది. సూడు, రక్తం."

"కొరకడం కాదులే, ఆట. ఇటుకకు గీరుకుపోయి ఉంటాది."

రేచల్ నా మొహం వైపు కాకుండా నా చేతుల వైపు చూసింది. నేను కృపను తీసుకెళ్ళి తొట్టిలో వేశాను. వేరు కుంపట్ల బుద్ధి తాబేలుతో మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

మార్చి 7

మళ్ళీ బకెట్లో. మళ్ళీ తొట్టిలో వేశాను.

మార్చి 8

మళ్ళీ.

మార్చి 9

మళ్ళీ. దీని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆమె బకెట్లో వేస్తుంది, నేను తొట్టిలో వేస్తాను. దేవుడి దయ వల్ల ఇంట్లో శాంతి సమాధానాలు ఉన్నాయి.

మార్చి 12, బుధవారం

బడి నుంచి వచ్చేసరికి డేవిడ్ వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే అక్కడే కూర్చునేవాడు.

"వదినా, రేచల్‌కు గిద్దలూరులో ఉద్యోగం వచ్చింది. నాకేముంది, వైరింగు పని యాడైనా దొరుకుతాది. రూము సూసినాం. ఈస్టరు అయినాక పోదామనుకుంటా ఉన్నాం."

"మార్కాపురంలో ఆసుపత్రులు మూతబడినాయా?"

వేలితో పీట అంచు గీరాడు.

"ఆ పిల్లను ఎవరేమన్నారు? నేను ఒక్క మాటన్నానా?"

"అనలేదు వదినా. అని ఉంటే నేనే అడిగేటోన్ని."

"మరేంది?"

"ఆ పిల్ల నోటికి ఆమెన్ రాకుండా పోయింది వదినా" అని లేచి వెళ్ళిపోయాడు.

ఇదేం జవాబు? మూడు అక్షరాలు. నోట్లో పళ్ళు లేని ముసలమ్మలు కూడా అంటారు.

వాడు పోతే ఈ ఇంట్లో నేను ఎవరి కోసం వండాలి? కూర తరుగుతూ ఏడ్చాను. ఉల్లిపాయలు కాదు, బెండకాయలు.

మార్చి 13

ప్రార్థన నలభై నిమిషాలు. ఎక్కువ భాగం గిద్దలూరు గురించి.

మార్చి 17, సోమవారం

కృప కన్ను వాచిపోయింది. రేచల్ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తానంది. నేనూ బడికి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. తాబేలు కోసం సెలవు పెట్టిన టీచరు మండలంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆసుపత్రి ముందు గొర్రెలు, ఒక బర్రె, మేము. మా ముందు ఓబులయ్య అనే పెద్దాయన పొట్టేలు మెడకు తువ్వాలు చుట్టి పట్టుకుని ఉన్నాడు. మధుసూదన్ డాక్టరు కుర్రవాడే. డబ్బా మూత తీసి చూసి, "నేను సదువుకుంది బర్లకు, గొర్రెలకు అమ్మా" అని నవ్వి, తిరుపతిలో ఉన్న స్నేహితుడెవరికో ఫోను చేశాడు. మాట్లాడుతూ నన్ను అడిగాడు, రెండూ ఒకే తొట్టిలో ఉంటాయా అని. అవును, ఎంత ప్రేమో చూడండని వీడియో చూపించాను. రెండుసార్లు చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"ప్రార్థన" అన్నాను.

ఆ వీడియో తిరుపతికి పంపాడు. కాసేపటికి ఫోను మోగింది. మాట్లాడి, మా వైపు తిరిగి చెప్పాడు.

"ఇది ప్రార్థన గాదమ్మా, పెత్తనం. ఈ జాగా నాది, నేను సెప్పినట్టు పడుండు అని మొహం మీద గోళ్ళు ఆడిస్తా ఉంది. వీపు మీదెక్కి పడుకునేది గూడా ప్రేమ గాదు. ఎండంతా తనకే గావాల. చిన్నది కండ్లు మూసుకునేది భయానికి. మీ తొట్టి చిన్నది, పలక ఒకటే. పక్కకు పోదామంటే దానికి చోటు యాడుంది? విడదీయకపోతే బతకదు."

ఓబులయ్య మధ్యలో దూరాడు, ఎవరూ అడగకుండానే.

"మా పొట్టేలు నయం తల్లీ. పొడిసేటప్పుడు నాలుగడుగులు ఎనక్కి పోయి వస్తాది, మనం తప్పుకోవచ్చు. ఇట్ల చేతులెత్తి దండం పెడతా పొడిస్తే ఎవురు తప్పుకుంటారు?"

రేచల్ డబ్బా మీదికి వంగిపోయింది. భుజాలు ఊగిపోతున్నాయి. పాపం, తాబేలు కోసం ఇంతగా ఏడుస్తుందని నాకు తెలియదు. వీపు మీద చెయ్యి వేశాను. ఇంకా ఎక్కువగా ఊగింది. తల ఎత్తినప్పుడు కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, కింది పెదవి మాత్రం పళ్ళ మధ్య గట్టిగా బిగించి ఉంది.

పశువుల డాక్టరుకు ప్రార్థన గురించి ఏం తెలుస్తుంది?

మార్చి 18

కృప బకెట్లోనే ఉంది. అయిదు రోజుల మందు. అది అయ్యేదాకా మాత్రమే.

మార్చి 19

ఆ వీడియోకు గ్రూపులో ఇవాళ ఇంకో ఇద్దరు ఆమెన్ పెట్టారు. తీసేద్దామని చూశాను. పాతబడితే తీయడానికి రాదట.

మార్చి 23, ఆదివారం

మందు అయిపోయింది. కన్ను తెరుచుకుంది. డాక్టరు చెప్పాడని నమ్మడమూ తప్పే, నమ్మకపోవడమూ తప్పే. పిల్లలకు నేను చెప్పేది అదే కదా, ముందు గమనించండి అని. రేచల్, డేవిడ్ సంతకు వెళ్ళిన సమయం చూసి కృపను తొట్టిలో వదిలి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

జయరాజు వెంటనే వచ్చాడు. చేతులెత్తాడు. కృప పక్కకు తిరిగింది. వాడు చుట్టూ తిరిగి మళ్ళీ దాని మొహం ఎదుటికే వచ్చాడు. అది ఇటు తిరిగింది. వాడు ఇటు వచ్చాడు. అది పలక ఎక్కింది. వాడూ ఎక్కి, భుజంతో తోసి, నీళ్ళలో పడేశాడు. అది మూలకు పోయింది. వాడు వెళ్ళి, ఎదురుగా నిలబడి, మళ్ళీ చేతులెత్తి వణికించాడు. అప్పుడు అది కళ్ళు మూసుకుంది.

ఒకటి బాగా చూశాను. జయరాజుకు కోపం లేదు. ఎక్కడా లేదు. తన బాధ్యత తాను చేస్తున్నట్టే ఉన్నాడు.

ప్రార్థనలో రేచల్ కూడా కళ్ళు అలాగే మూసుకుంటుంది, రెప్పలు నొక్కిపెట్టి. ప్రార్థనలో అందరూ మూసుకుంటారు, అందులో విశేషమేమీ లేదు. నేనొక్కదాన్నే తెరిచి ఉంచుతాను. ఎవరు మూసుకోలేదో ఎవరో ఒకరు చూడాలి కదా.

ఇది ఎందుకు రాశానో తెలియదు.

కృపను తీసి బకెట్లో వేశాను. ఈసారి నేనే.

మార్చి 24

పొద్దున ప్రార్థనలో రేచల్ తల మీద పెట్టబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. చెయ్యి వణుకుతోంది. ఎప్పుడూ వణుకుతుంది, ఆత్మతో అనుకునేదాన్ని. వెనక్కి తీసుకున్నాను. నాలుగు మాటలు చెప్పి ఆమెన్ అన్నాను.

మా ఆయన కళ్ళు తెరిచి గడియారం చూశాడు. "అయిపోయిందా?" అన్నాడు. నా నుదురు పట్టుకుని, "జరమేమన్నా వచ్చిందా?" అన్నాడు.

మార్చి 25

ఇవాళ కూడా ఒక్క నిమిషమే. రేచల్ సంగతులు తీసేస్తే నా ప్రార్థనలో ఏమీ మిగలడం లేదు.

మార్చి 26

పొద్దున అయిదింటి ప్రార్థన మానేశాం. సాయంత్రమే చేసుకుందామన్నాను, ఇంట్లో ఎవరుంటే వాళ్ళతో. రేచల్ ఆరున్నరకు లేచింది. నేను నాలుగున్నరకే లేచి, గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం ఎంత కష్టమో మొదటిసారి తెలుసుకున్నాను.

ఏప్రిల్ 2

ఫ్యాక్టరీ నుంచి ఇంకో పలక తెమ్మన్నాను.

"పాతది పగిలిందా?"

"లేదు. రెండోది కావాలి."

ఈయన తెచ్చాడు, టబ్బు కూడా తనే కొనుక్కొచ్చాడు. చిన్నదాని పొట్టకు గీరుకోకుండా పలక అంచులు నేనే రాయి మీద నూరాను. సాయంత్రమంతా పట్టింది. వరండా రెండో చివర, ఎండ పడే చోట పెట్టాను. కృప నాకు కనపడకుండా కాసేపు నీళ్ళలో ఉండి, తర్వాత ఎక్కింది. నాలుగు కాళ్ళూ బారజాపి పడుకుంది. ఇన్నాళ్ళూ దానికి కాళ్ళు అంత పొడవున్నాయని నేను చూడలేదు.

రేచల్ డ్యూటీ నుంచి వచ్చి చూసింది. "పలక బాగుందక్కా" అంది. ఈ ఇంటికి వచ్చాక తనంతట తానుగా నాతో అన్న మొదటి మంచి మాట అదే అనుకుంటాను.

ఏప్రిల్ 9

డేవిడ్‌ను అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఇప్పుడు రెండు తొట్లు పెట్టినా కదరా. ఇంకా గిద్దలూరు ఎందుకు?"

"తొట్లు రెండైనాయి వదినా. వంటిల్లు ఒకటే గదా" అన్నాడు. మెల్లగా, ప్రేమగానే అన్నాడు. వాడికి మెల్లగా మాట్లాడడం నేర్పింది కూడా నేనే.

ఏప్రిల్ 14

వాళ్ళ సామాన్లకు అట్టపెట్టెలు తెచ్చి వరండాలో పెట్టారు. నేను పచ్చళ్ళు కట్టాను. పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో ఒక కాగితం మీద రాసి జాడీ మూత కింద పెట్టాను. తర్వాత తీసి చింపేశాను.

ఏప్రిల్ 20, ఆదివారం, ఈస్టరు

రేపు వెళ్తారు. ఇవాళ రేచల్‌కు సెలవు. సాయంత్రం నలుగురం కూర్చున్నాం. పాట అయ్యాక అందరూ నా వైపు చూశారు.

"రేచల్, నువ్వు చెయ్యమ్మా ప్రార్థన" అన్నాను.

నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎవరేం చేస్తున్నారో కనపడక చాలా ఇబ్బందిగా ఉంది. తర్వాత ఆ పిల్ల సన్నటి గొంతుతో మొదలుపెట్టింది.

"ప్రభువా, మా అక్క పొద్దున నాలుగున్నరకు లేసి అందరికీ చేస్తాది. మేము పోయినాక ఆమె కొంచెం ఎక్కువసేపు నిద్రపోయేటట్టు చెయ్యి. తల్లి లేని బిడ్డను సాకి నాకిచ్చింది. ఆ మాట ఆమెతో సెబుదామంటే నాకు భయం. నువ్వు సెప్పు. ఇంకొకటి ప్రభువా. ఆ పొద్దు పప్పులో ఉప్పు నేను సరిగ్గానే వేసినా. డేవిడ్ తెలియక రెండోసారి వేసినాడు. నేను సెప్పలేదు. అన్ని దినాలూ ఆ మాటకు ఆమెన్ అన్నా. నన్ను క్షమించు. ఆమెన్."

మా ఆయన ఆమెన్ అన్నాడు. డేవిడ్ కూడా అన్నాడు.

నాకు రాలేదు. నోరు తెరిచాను, రాలేదు. మూడు అక్షరాలు. ఎవరూ లేచిన చప్పుడు లేదు, అందరూ నా కోసమే ఆగారు. ఎంతసేపటికో అన్నాను, అదీ మెల్లగా.

ఏప్రిల్ 21

వెళ్ళారు. టబ్బు, పలక ఆటోలో నేనే సర్దాను. రేచల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది, వచ్చినప్పటిలాగే. "లడ్డు జాగ్రత్త" అన్నాను. వెనక్కి తిరిగి చూసింది.

ఏప్రిల్ 22

బియ్యం నలుగురికి పోశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

రేచల్ ఫోను చేసింది.

"అక్కా, లడ్డు బాగా తింటా ఉంది. పలక దిగడం లేదు. రెండో శనివారం మేమిద్దరం వస్తాం."

"దాన్ని కూడా తీసుకురండి. దాని టబ్బు సంగతి నేను చూస్తాలే" అన్నాను. వంట ఎలా చేసుకుంటున్నారని అడగబోయి, ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను. గిద్దలూరులోనూ ఎండలేనట.

సాయంత్రం ప్రార్థనకు ఈయన, నేను. ఇద్దరమే. "ప్రభువా, గిద్దలూరులో ఉన్న ఆ బిడ్డకు ఉప్పు విషయంలో..." అని నోటికి వచ్చేసింది. అక్కడ ఆగాను. ఈయన ఒక కన్ను తెరిచి చూస్తున్నాడని, నా కళ్ళు మూసుకుని ఉన్నా తెలుస్తూనే ఉంది.

"...ఏ లోటూ రాకుండా చూడు" అని ముగించాను.

"ఆమెన్" అన్నాడాయన, వీధిలోకి వినపడేంత గట్టిగా.

తర్వాత వరండాలోకి వెళ్ళి జయరాజుకు గింజలు వేశాను. తొట్టిలో వాడొక్కడే. నన్ను చూసి ఎదురుగా వచ్చి, రెండు చేతులూ ఎత్తి, గోళ్ళన్నీ వణికించాడు.

"చాల్లే నాయనా, తిను" అన్నాను.